గొలుసు కొలిచింది, మనుషుల్ని రాయలేదు

ప్రశ్న: మా అబ్బాయి కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో చదువుతున్నాడు. అది అక్కడి ఆదివాసులైన మిగ్‌మా ప్రజల భూమి అంటాడు. మరి వాళ్ల చేతుల్లోంచి ఎలా పోయిందండీ?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: కొలతతోనే పోయిందమ్మా. ముప్పై ఏళ్లు సర్వేయరుగా పనిచేసినవాణ్ణి, ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది.

మిగ్‌మా వాళ్లు ఆ దీవిని ఎపెక్విట్క్ అంటారు. వేసవిలో తీరాన చేపలు, ఆల్చిప్పలు. చలికాలం లోపలి అడవుల్లో వేట. 1764లో శామ్యూల్ హాలండ్ అనే సర్వేయరు బ్రిటిష్ ప్రభుత్వం తరఫున అక్కడ దిగాడు. మరుసటి ఏడాదికల్లా దీవి మొత్తం 67 లాట్లయింది, ఒక్కోటి సుమారు 20,000 ఎకరాలు. 1767లో లండన్‌లో చీట్లు తీసి పంచేశారు. దీవి మొహం చూడనివాళ్లు భూస్వాములయ్యారు. మిగ్‌మా వాళ్లకంటూ ఒక్క లాటూ అట్టిపెట్టలేదు. వాళ్లు బ్రిటిష్‌వాళ్లతో చేసుకున్న ఒప్పందాలు శాంతికీ స్నేహానికీ చేసుకున్నవి. భూమి రాసిచ్చినవి కావు.

ఇంగ్లీషు సర్వేయర్లు నేల కొలిచే గొలుసు 66 అడుగులు, వంద లింకులు. మీ పొలం సెంట్ల లెక్క కూడా దాన్నుంచి వచ్చిందే: వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. కానీ మన అడంగల్‌లో అనుభవదారు పేరుకొక గడి ఉంటుంది. ఆ పేరు కనుక్కోకుండా నేనెప్పుడూ పొలం గట్టు దిగలేదు.

చివరికి 1870లో లండన్‌లోని ఒక ఆదివాసీ రక్షణ సంఘం అక్కడి లెనాక్స్ అనే చిన్న దీవిని మిగ్‌మా వాళ్లకోసం డబ్బిచ్చి కొన్నది. వాళ్ల నేలను వాళ్లకే కొనిపెట్టాల్సి వచ్చింది! మాల్పెక్ అఖాతంలో ఉంది, మీ అబ్బాయిని ఒకసారి వెళ్లి చూసి రమ్మనండి.