చావుతో మొదలుపెట్టకు

అమ్మాయ్,

ఇంగ్లండ్ చిత్రకారుడు పీటర్ లాన్యన్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. మొదటి వాక్యం దగ్గరే ఒళ్ళు మండింది. "ఆకాశాన్ని ప్రేమించిన చిత్రకారుణ్ని ఆకాశమే తనలో కలిపేసుకుంది" అని మొదలుపెట్టావు. నీకిది ఎంతో బాగా కుదిరిన వాక్యమని తెలుస్తూనే ఉంది, కింద గీత కూడా గీశావు.

ఆకాశం ఎవర్నీ కలిపేసుకోలేదు. 1964 ఆగస్టు 27న డెవన్‌లోని డంకెస్‌వెల్ దగ్గర ఆయన నడుపుతున్న గ్లైడర్‌కి, ఇంజను లేని చిన్న విమానానికి, ప్రమాదం జరిగింది. టాంటన్ ఆసుపత్రిలో నాలుగు రోజులుండి 31న పోయాడు. 46 ఏళ్ళు. ఇంట్లో భార్య షీలా, ఆరుగురు పిల్లలు. తండ్రి ఆసుపత్రిలో పోయిన పిల్లలకి ఇలాంటి వాక్యం ఎలా వినిపిస్తుందో ఆలోచించావా? మనిషి చావుని అలంకారం చేసే హక్కు మనకెవరిచ్చారు?

పోనీ వాక్యం ఒక్కటే అయితే కొట్టేసి ఊరుకునేవాణ్ని. దాని పట్టు వ్యాసమంతా పాకింది. చివర ఏం జరిగిందో ముందే చెప్పేశావు కాబట్టి, అంతకుముందు జరిగిందంతా నీకు దానికి శకునంలా కనిపించడం మొదలైంది. 1960లో వేసిన 'థర్మల్' బొమ్మలో నీలం నీకు మృత్యుఛాయ. 1959లో గ్లైడింగ్ నేర్చుకోవడం మొదలుపెడితే అది విధి పిలుపు. సరే, మరి చివరి ఏడాది సంగతేమిటి? 1964లో ఆయన వేసిన బొమ్మల్లో 'క్లీవ్‌డన్ బ్యాండ్‌స్టాండ్' ఉంది. క్లీవ్‌డన్ బ్రిస్టల్‌కి దగ్గర్లో సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. జనం షికారుకొచ్చే చోటు, అక్కడొక బ్యాండు మండపం. ఆకాశంలోకి కరిగిపోవాలనుకున్న మనిషి వేసే బొమ్మేనా అది? అంతకుముందు ఏడాది అమెరికాలో టెక్సస్ వెళ్ళి పాఠాలు చెప్పాడు, 1964 మొదట్లో చెకోస్లొవేకియా వెళ్ళి ఉపన్యాసాలిచ్చాడు. ఆయన ముందు ఇంకా బోలెడు పని ఉంది. ఆ పని మధ్యలో ఆగిపోయింది. దుఃఖమంటే అదీ. నువ్వు రాసిన పద్ధతిలో అది మాయమైపోయి, అంతా ముందే రాసిపెట్టినట్టు, సుఖంగా ముగిసినట్టు అయిపోయింది.

ఎన్నేళ్ళుగానో కొత్తవాళ్ళందరికీ ఈ మాటే చెబుతున్నాను, వినేవాళ్ళు తక్కువ. చిత్రకారుడి గురించి రాసేటప్పుడు అతని చేతులేం చేశాయో రాయి, కాళ్ళు ఎక్కడెక్కడ తిరిగాయో రాయి. మనసులో ఏముందో ఊహించి రాసే పని పెట్టుకోకు. చేతుల గురించి సరిగ్గా రాస్తే మనసు దానంతటదే బయటపడుతుంది.

ఇది నాకెలా పట్టుకుందో చెబుతాను. కుర్రతనంలో శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ పనివాడి దగ్గర ఎండాకాలమంతా కూర్చున్నాను. గుడ్డని కరక్కాయ రసంలో, గేదెపాలలో నానబెట్టడం చూశాను. పాత ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి నల్లరంగు తీస్తారు. వెదురుపుల్లకి చుట్టిన ఉన్నిని వేళ్ళతో నొక్కితే రంగు మొన దాకా దిగుతుంది. గీత పడేటప్పుడు లేతగా ఉంటుంది, కరక్కాయ ఒగరు తగిలి చూస్తుండగానే నల్లబడుతుంది. ఇదంతా రాసి ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి ఇచ్చాను. ఆ సంపాదకుడు కరక్కాయని కోసేశాడు, ఇనుముని కోసేశాడు, ఉన్నిని కోసేశాడు. పనివాడి అప్పులూ కూతురి పెళ్ళీ మాత్రం ఉంచి, పైన కన్నీళ్ళ గురించి ఒక శీర్షిక తగిలించాడు. పత్రిక పట్టుకుని శ్రీకాళహస్తి వెళితే ఆ పెద్దాయన నిదానంగా చివరిదాకా చదివి, "ఇందులో నా పని ఎక్కడుంది సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ సంపాదకుడి మీద కోపం నాకు ఈనాటికీ తగ్గలేదు. అలాంటివాళ్ళు ఇప్పుడు ఇంకా ఎక్కువయ్యారు. వాళ్ళకి చిత్రకారుడంటే జబ్బు, ప్రేమ, పేదరికం, చావు, ఈ నాలుగే. వాళ్ళు కోయకముందే నువ్వే కోసుకుని పంపితే ఎలా?

లాన్యన్ సంగతికొస్తాను. 1918లో ఇంగ్లండ్ నైరుతి కొసనున్న కార్న్‌వాల్‌లో, సెయింట్ ఐవ్స్‌లోనే పుట్టాడన్న మాట ఒక్క ముక్కలో తేల్చేశావు. అసలు కీలకం అక్కడుంది. ఆ ఊరి పేరు చెప్పగానే గుర్తొచ్చే చిత్రకారుడు బెన్ నికల్సన్, శిల్పులు బార్బరా హెప్‌వర్త్, నౌమ్ గాబో ముగ్గురూ 1939లో యుద్ధం ముంచుకొస్తుంటే వచ్చినవాళ్ళు. వాళ్ళకి కార్న్‌వాల్ కొత్తగా దొరికిన చోటు. ఇతనికి సొంత ఊరు. నికల్సన్ దగ్గర పాఠాలు చెప్పించుకున్నాడు. గాబో పారదర్శకమైన ప్లాస్టిక్‌తో, దారాలతో చేసే నిర్మాణాలు దగ్గర నుంచి చూశాడు. రాయిలాగా గట్టిగా మూసుకుపోకుండా, లోపలి ఖాళీ కూడా ఆకారమయ్యే పని అది. తర్వాత 1940 నుంచి 1945 దాకా వైమానిక దళంలో మెకానిక్. పైలట్ అవ్వాలనుకుంటే తలనొప్పి జబ్బు, మైగ్రేన్, అడ్డొచ్చింది. విమానాలు విప్పి బిగించిన చేతులు అవి. నీ వ్యాసంలో యుద్ధం ఉంది, మెకానిక్ లేడు.

బొమ్మ వేసే ముందు గాజు ముక్కలు, చెక్క ముక్కలు అతికించి చిన్న చిన్న నిర్మాణాలు చేసుకునేవాడు. ఫలానా మలుపు తిరిగితే సముద్రం ఎటు పోతుంది, కొండ ఎటు లేస్తుంది అన్నది చేత్తో పట్టుకుని చూసుకోవడానికి. 1951లో బ్రిటన్ ఉత్సవం కోసం ఆర్ట్స్ కౌన్సిల్ 60 మంది చిత్రకారుల్ని పెద్ద బొమ్మలు వేయమంది కదా, ఆయన వేసిన 'పోర్త్‌లెవెన్' దాని వెనక ఇలాంటి పనే ఉంది. మా అమ్మాయి దగ్గరికి లండన్ వచ్చినప్పుడు పట్టుబట్టి ఆ పోర్త్‌లెవెన్ రేవుకి వెళ్ళాను. నైరుతికి నోరు తెరుచుకుని ఉంటుంది, అట్లాంటిక్ తుఫాను తిన్నగా లోపలికొస్తుంది. బయటి రేవు, దాని వెనక లోపలి రేవు, తుఫాను రోజున లోపలి రేవు మూతి దుంగలతో మూసేస్తారు. ఒడ్డున గడియారపు గోపురం. ఎక్కడ నిలబడ్డా ఇవన్నీ ఒక్కసారి కనిపించవు. కొంత చూసి, గోడ చుట్టూ తిరిగి, మెట్లెక్కి, వెనక్కి తిరిగి చూడాలి. పొడుగ్గా పడుకుని ఉన్న ఆ రేవుని లాన్యన్ ఎనిమిదడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు ఉన్న పలక మీద నిలువుగా లేపి నిలబెట్టాడు. తిరిగిన దారంతా ఒకే చోటికొచ్చింది. నువ్వేమో "రేవు జ్ఞాపకాల కలగాపులగం" అన్నావు. కలగాపులగం కాదు తల్లీ, నడక. ఒడ్డున తిరిగితే తెలుస్తుంది.

ఇక కార్న్‌వాల్‌లోని ఒక ఊరి పేరే పెట్టిన 'సెయింట్ జస్ట్' బొమ్మ. దీని మీద నువ్వు ఒకే ఒక్క వాక్యం రాశావని నాకు చాలా బాధ కలిగింది. ఆ ప్రాంతమంతా తగరం గనులు. ఊరికి దగ్గర్లోనే లెవాంట్ గని, దాని సొరంగాలు సముద్రం అడుగున ఒక మైలుకి పైగా పోయాయి. కూలీలు దిగడానికీ ఎక్కడానికీ అక్కడ ఒక యంత్రం ఉండేది. ఇంజను ఒక పొడవాటి దూలాన్ని పైకీ కిందకీ ఆడిస్తుంటుంది, దానికి మెట్లుంటాయి. మనిషి ఆ మెట్టు మీద నిలబడి కొంత పైకెళ్ళి, పక్కన గోడకున్న అరుగు మీదకి మారి, మళ్ళీ దూలం వచ్చినప్పుడు ఇంకో మెట్టెక్కాలి. 1919 అక్టోబర్ 20న, పని ముగించుకుని మనుషులు పైకొస్తుండగా దూలాన్ని ఇంజనుకి కలిపే పైభాగం విరిగింది. 31 మంది పోయారు. అప్పటికి లాన్యన్‌కి రెండేళ్ళు కూడా నిండలేదు. ఆ మాట వింటూ పెరిగిన తరం అది.

1952, 53 సంవత్సరాల్లో వేసిన ఆ బొమ్మ నడిమధ్య పైనుంచి కిందికి నిలువుగా ఒక నల్లటి పట్టీ దిగుతుంది. అది గని బావి. దాన్ని ఆయన శిలువగా కూడా అనుకునే వేశాడు. ఇటూ అటూ పచ్చటి పొలాలు. లెవాంట్ దగ్గర నిలబడితే ఇది ఊహ కాదని తెలుస్తుంది. రాతి పొగగొట్టాల పక్కనే గడ్డి మొలిచి ఉంటుంది, పశువులు మేస్తుంటాయి, కాస్త అవతల కొండ తెగిపోయి కింద సముద్రం. ఆ గడ్డి కిందా ఆ నీళ్ళ కిందా మనుషులు పనిచేశారు. నేలని పైనుంచి మాత్రమే చూసేవాడికి ఈ బొమ్మ రాదు. కొండ అంచులు ఎక్కుతూ దిగుతూ తిరిగినవాడు కాబట్టే వేశాడు. ఇంత ఉంది ఇందులో! నీ వ్యాసం నిజానికి ఇక్కడ మూడు పేజీలు ఆగాలి.

అమెరికా ప్రభావం అని ఒక ఉపశీర్షిక పెట్టావు. ఇది మరో జాడ్యం. ఎవరైనా పెద్ద కుంచె పట్టుకుని చెయ్యి విసిరితే చాలు, న్యూయార్క్ నుంచి తెచ్చుకున్నాడనడం. సెమినార్లలో దీన్ని వినీ వినీ విసిగిపోయాను. ఒకసారి ఒక సభలో ఈ మాటకి అడ్డుపడితే మళ్ళీ ఆ సభకి నన్ను పిలవలేదు. తేదీలు చూడు. కొత్త అమెరికన్ చిత్రాలు లండన్ టేట్ గ్యాలరీలో ప్రదర్శనకొచ్చింది 1956లో. లాన్యన్ న్యూయార్క్‌లో సొంత ప్రదర్శన పెట్టి అక్కడి చిత్రకారుడు రోత్కోనీ మిగతావాళ్ళనీ కలిసింది 1957లో. 'పోర్త్‌లెవెన్', 'సెయింట్ జస్ట్' అప్పటికే అయిపోయాయి. ఆ తర్వాత చెయ్యి వదులైంది, రంగు పలచబడింది, నిజమే. కానీ 1959లో రోత్కోనే కార్న్‌వాల్ వచ్చాడు కదా, ఆ రాకపోకల్ని ఒకవైపు నుంచే ఎందుకు రాశావు? తనని నైరూప్య చిత్రకారుడంటే లాన్యన్ ఒప్పుకునేవాడు కాదు. ప్రకృతి దృశ్యాలు వేసిన పాత ఇంగ్లీషు చిత్రకారులు టర్నర్, కాన్‌స్టేబుల్ వేసిన దారినే ముందుకి తీసుకెళుతున్నానన్నాడు. 1949లో సెయింట్ ఐవ్స్ కళాకారుల సంఘం పెన్‌విత్ సొసైటీ స్థాపించినవాళ్ళలో ఒకడు. సభ్యులు సంప్రదాయమా, ఆధునికమా, చేతిపనా ఏదో ఒక గుంపులో చేరి తీరాలని నియమం పెడితే మరుసటేడే బయటికొచ్చేశాడు. నువ్వు మళ్ళీ తీసుకెళ్ళి ఒక గుంపులో కూర్చోబెట్టావు.

గ్లైడింగ్ బొమ్మల్ని "విహంగ వీక్షణం" అనడం కూడా తీసెయ్. పక్షి చూపు అనుకుంటే పైనుంచి పొలాల గళ్ళు కనిపించాలి. 'థర్మల్'లో పొలాలెక్కడున్నాయి? ఎండకి నేల వేడెక్కితే వేడిగాలి స్తంభంలా లేస్తుంది, పైకెళ్ళి మబ్బవుతుంది. కంటికి కనిపించదు. ఇంజను లేని గ్లైడర్ అందులోకి వెళ్ళినప్పుడు ఒక రెక్క ఎగదన్నినట్టవుతుంది, పైలట్ అటే ఒరిగి గుండ్రంగా తిరుగుతూ పైకెక్కుతాడు. కాస్త అటూ ఇటూ అయితే గాలి జారిపోతుంది. సముద్రపు గాలి కొండ అంచుకి కొట్టుకుని లేచే చోట ఇంకో రకం. గాలికి కూడా సముద్రానికున్నంత సంక్లిష్టమైన లోకం ఉందనీ, గ్లైడర్ లాంటి పనిముట్టు లేకపోతే అది తెలియదనీ ఆయనే చెప్పాడు. పోర్త్‌లెవెన్‌లో కాళ్ళు చేసిన పని ఇక్కడ రెక్కలు చేశాయి. 1962 చివర్లో లాండ్స్ ఎండ్ దగ్గర ఫ్రెంచి చేపల పడవ 'జాన్ గూజీ' బండలకెక్కితే మరుసటేడు 'రెక్' (పగిలిన ఓడ) అనే బొమ్మ వేశాడు, అంటే గ్లైడర్ ఎక్కినంత మాత్రాన నేలనీ నీటినీ వదిలేయలేదు.

ఆ 'థర్మల్' ముందు నిలబడితే పాదాలు తేలిపోయినట్టై బెంచీ పట్టుకున్నానని రాశావే, ఆ నాలుగు వాక్యాలూ బాగున్నాయి. వాటి జోలికి వెళ్ళకు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు, ముందుమాట గురించి అడిగావు, ఇంకా ఏవో అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు పాడింగ్టన్‌లో పెన్‌జాన్స్ రైలెక్కు. సెయింట్ ఎర్త్‌లో దిగితే సెయింట్ ఐవ్స్‌కి సముద్రం వెంబడే చిన్న రైలు పోతుంది. గ్యాలరీలు చూసుకుని అక్కడే ఆగిపోకు, బస్సెక్కి సెయింట్ జస్ట్ వెళ్ళు. లెవాంట్‌ని ఇప్పుడు పాత కట్టడాల్ని కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ చూసుకుంటోంది, తెరిచే రోజులు ముందే కనుక్కో. వానకోటు పట్టుకెళ్ళు, గొడుగు ఆ గాలికి నిలవదు. వచ్చాక ఆ గని భాగం ఒక్కటే ముందు రాయి. పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి పోస్టులో పంపు, ఫోనులో చదవడం నాకు కష్టంగా ఉంది.

ఆశీస్సులతో.