పడవలో వచ్చిన వియత్నాం శరణార్థి ఆస్ట్రేలియాలో గవర్నర్ అయ్యారంటారు, నిజమేనా?

నిజమే, ఆయన పేరు హ్యూ వాన్ లే. 1954లో మధ్య వియత్నాంలోని క్వాంగ్ ట్రీలో పుట్టారు. ఉత్తర, దక్షిణ వియత్నాంల సరిహద్దు ఆ ప్రాంతం మీదుగానే పోయేది కాబట్టి ఊహ తెలిసినప్పటి నుంచీ యుద్ధమే. దలాత్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదివారు. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ ఉత్తర వియత్నాం సేనల చేతికి పోయింది, రెండేళ్లకు భార్యతో కలిసి పడవెక్కి దేశం దాటేశారు.

1977 నవంబర్లో ఆ పడవ ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్ రేవులోకి వస్తుంటే, చిన్న పడవలో చేపలు పట్టుకోవడానికి వెళ్తున్న ఇద్దరు ఎదురై చెయ్యూపి ఆస్ట్రేలియాకి స్వాగతం అన్నారట, ఈ ముక్క ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు.

అక్కడి నుంచి సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్ర రాజధాని అడిలైడ్. జనం "శరణార్థి గవర్నర్ అయిపోయాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు గానీ మధ్యలో ముప్ఫై ఏళ్లకు పైగా ఉంది: డిగ్రీ చదువు మళ్లీ మొదలుపెట్టి, అడిలైడ్ యూనివర్సిటీలో ఎకనామిక్స్, అకౌంటింగ్ చేసి, కంపెనీల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థలో ఏళ్ల తరబడి ఉద్యోగం చేశారు. నాకైతే అసలు కథ అదే అనిపిస్తుంది. 2007లో లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ లేనప్పుడు ఆ బాధ్యత చూసే పదవి), 2014 నుంచి 2021 వరకు సౌత్ ఆస్ట్రేలియా గవర్నర్, అంటే ఆ రాష్ట్రంలో బ్రిటన్ రాణి ప్రతినిధి.