గడ్డం గీసే కత్తి నడుమ తెగకపోతే నూరే రాయి చూడండి

కొన, మడమ బాగా తెగి నడుమ మాత్రం వెంట్రుక పీకుతోందంటే తప్పు కత్తిది కాదన్నా. 1000 రాయి (1000 అనేది గరుకు నంబరు, నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన) గుంతపడింది, నడుమ అంచు ఆనడం లేదు.

1. రాయి తడిపి, మూలలతో సహా పెన్సిల్‌ గళ్లు గీయండి.

2. మందపాటి అద్దంపై 220 వాటర్ పేపరు (నీళ్లతో వాడే గరుకు కాగితం) పరచి, నీళ్లు పోసి, ఎనిమిది అంకెలా రుద్దండి. బరువు వెయ్యొద్దు. మధ్యమధ్యలో రాయిని అటుదిటు తిప్పి పట్టుకోండి.

3. గళ్లు పోగానే అందరూ ఆపేస్తారు. అక్కడే దెబ్బ. గుంతలోని గీతలు బురద రాపిడికే చెరిగిపోతాయి. కడిగి మళ్లీ గీయండి. ఈసారి నాలుగైదు రుద్దులకే గళ్లన్నీ ఒకేసారి చెరిగిపోవాలి. నడుమ మిగిలితే గుంత ఇంకా ఉన్నట్టే.

4. రాయి అంచుల వాడి కొంచెం తీసేయండి, లేకుంటే పెచ్చులూడతాయి.

5. బ్రష్‌తో బాగా కడగండి.

చివర్లో నున్నగా నూరే 8000 రాయికి 400 పేపరు చాలు.

అద్దం లేకుంటే వంటగట్టు గ్రానైట్ ముక్క, మన చిత్తూరులో దానికేం కరువు! మెరుగు వైపు స్టీల్ స్కేలు నిలబెట్టి వెనక టార్చి వేయండి, వెలుతురు దూరితే వద్దు.

తర్వాత కత్తిని 1000 మీద మొదటినుంచీ నూరాలి. నేరుగా 8000కి వెళ్తే నడుమ అంచు రాదు.