కళ్ల మంటకు చుక్కల మందు ఎన్నాళ్లయినా వాడవచ్చా?

ప్రశ్న: నా వయసు 51 సంవత్సరాలు. మాది మిర్యాలగూడ. రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు చూస్తాను, రోజంతా కంప్యూటర్ ముందే ఉంటాను. ఏడాదిగా కళ్లు మండుతున్నాయి, నలుసు పడినట్టు గరగరలాడుతున్నాయి, సాయంత్రానికి ఎర్రబడి నీరు కారుతున్నాయి. కళ్లు పొడిబారాయని డాక్టర్ చుక్కలు రాశారు. వేసుకున్న గంట, రెండు గంటలు హాయిగా ఉండి మళ్లీ మంట మొదలవుతోంది. మందుల షాపులో అడిగితే ఎరుపు పోతుందని వేరే చుక్కలు ఇచ్చారు. నీరు కారే కన్ను పొడిబారడం ఏమిటి? చుక్కలకు అలవాటు పడిపోతానా? వాటికి బదులు ఆముదం వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మీ డాక్టర్ చెప్పినది సరైనదిగానే కనిపిస్తోంది. కంటిని తడిగా ఉంచే పొరలో నీరు ఒక్కటే ఉండదు. కంటి ఉపరితలానికి నీరు అంటిపెట్టుకునేలా చేసే జిగురు, ఆ నీరు త్వరగా ఆవిరైపోకుండా పైన కప్పే పలుచని నూనె కూడా ఉంటాయి. ఆ నూనె రెప్పల అంచుల్లోని గ్రంథుల నుంచి వస్తుంది. అవి పూడుకుపోయినా, మనం రెప్పలు సరిగా వాల్చకపోయినా ఆ పొర అక్కడక్కడా చిట్లి, కంటి ఉపరితలం గాలికి తెరుచుకుని మండుతుంది. ఆ మంటకు తట్టుకోలేక కన్ను ఒక్కసారిగా నీటిని వదులుతుంది. నూనె, జిగురు తగినంత లేని ఆ నీరు కంటిలో నిలవక చెంపల మీదికి జారిపోతుంది. అందుకే పొడిబారిన కళ్ల నుంచే ఎక్కువగా నీరు కారడం చాలామందిలో చూస్తాం.

మీరు వాడుతున్న చుక్కలు కన్నీటికి బదులు పనిచేసేవి. వీటిలో ఎక్కువగా కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, హైప్రోమెల్లోజ్, సోడియం హయాలురోనేట్ వంటి పదార్థాల్లో ఒకటి ఉంటుంది. ఇవి తడిని కాసేపు పట్టి ఉంచుతాయే తప్ప కన్నీటి గ్రంథులను బద్ధకించేలా చేయవు. కాబట్టి అలవాటు పడిపోతానన్న భయం అక్కరలేదు. అవసరమైతే ఏళ్ల తరబడి కూడా వాడవచ్చు. గంట, రెండు గంటల్లో ప్రభావం తగ్గడం కూడా వాటి స్వభావమే. అయితే చాలా సీసాల్లో సూక్ష్మజీవులు పెరగకుండా బెంజాల్కోనియం క్లోరైడ్ వంటి నిల్వ పదార్థం కలుపుతారు. రోజుకు నాలుగుసార్లకు మించి వేసుకుంటే అదే కంటి పైపొరను దెబ్బతీసి మంటను పెంచవచ్చు. మీలా తరచుగా వేసుకోవలసిన వారు నిల్వ పదార్థం లేని రకాన్ని రాయమని డాక్టర్‌ను అడగడం మంచిది. ఖరీదు కాస్త ఎక్కువైనా, ఇక్కడ ఆ ఖర్చు వృథా కాదని నా అభిప్రాయం.

నన్ను నిజంగా కలవరపెట్టినది ఆ రెండో సీసా. ఎరుపు తగ్గించే చుక్కల్లో నాఫజోలిన్ వంటి మందు ఉంటే అది రక్తనాళాలను తాత్కాలికంగా కుంచింపజేస్తుంది. ప్రభావం తగ్గగానే ఎరుపు మునుపటికంటే ఎక్కువగా తిరిగి వస్తుంది. పొడితనం మాత్రం అలాగే ఉంటుంది. లేబుల్ మీద డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ వంటి పేర్లు ఉంటే అవి స్టెరాయిడ్లు. ఒకటి రెండు రోజుల్లోనే ఎంతో నయమనిపిస్తుంది కాబట్టి జనం వాటినే మళ్లీ మళ్లీ కొంటారు. నెలల తరబడి వాడితే నొప్పి తెలియకుండానే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, ముందుగానే శుక్లాలు రావచ్చు. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. కాబట్టి ఆ సీసాను డాక్టర్‌కు చూపేవరకు వేసుకోకండి. ఇప్పటికే వారాల తరబడి వాడి ఉంటే ఆలస్యం చేయకుండా వెళ్లి కంటి ఒత్తిడి పరీక్ష చేయించుకోండి.

చుక్కలు వేసుకునే ముందు చేతులు కడుక్కోండి. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను లాగి, ఆ సందులో ఒక్క చుక్క వేయండి. కన్ను అంతకు మించి పట్టదు, రెండోది చెంప మీదికే పోతుంది. సీసా కొన రెప్పకు గానీ, వెంట్రుకలకు గానీ తగలకూడదు. తర్వాత ఒకటి రెండు నిమిషాలు కళ్లు నెమ్మదిగా మూసుకుని ఉండండి. వేరే చుక్కలు కూడా ఉంటే మధ్యలో ఐదు నిమిషాలైనా ఆగాలి, జెల్ ఉంటే చివర వేసుకోవాలి. మామూలు సీసాను తెరిచిన నెల రోజులకు, మిగిలి ఉన్నా, పారవేయాలి. ఇంట్లో ఒకరి సీసా ఇంకొకరు వాడకూడదు.

చుక్కలు ఎంత మంచివైనా కారణం అలాగే ఉంటే ఉపశమనం నిలవదు. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు మనం రెప్పలు వాల్చడం బాగా తగ్గిపోతుంది, వాల్చినా సగమే వాలుస్తాం. తెరను కంటి మట్టానికి కొంచెం కిందికి పెట్టుకోండి, 20 నిమిషాలకోసారి దూరంగా చూస్తూ రెప్పలను పూర్తిగా వాల్చి తెరవండి. ఎండాకాలంలో కూలర్ గాలి ముఖానికి నేరుగా తగలనివ్వకండి. మిల్లులో ఊక, దుమ్ము లేచే చోటికి వెళితే పక్కలు మూసి ఉండే అద్దాలు పెట్టుకోండి. రోజూ రాత్రి గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను, మూసిన రెప్పల మీద ఐదు నుంచి పది నిమిషాలు ఉంచితే గడ్డకట్టిన నూనె కరుగుతుంది. గుడ్డ చల్లారితే మళ్లీ వెచ్చచేసుకోవాలి. బహిష్టులు ఆగే వయసులో ఈ సమస్య ఎక్కువగా వస్తుంది. షుగర్, థైరాయిడ్ జబ్బులు, అలర్జీ మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు కూడా కారణం కావచ్చు, అయితే ఏ మాత్రనూ మీ అంతట మీరు మానకండి. కళ్లతో పాటు నోరు కూడా ఎండిపోతూ, కీళ్లు నొప్పిగా ఉంటే ఆ సంగతి తప్పకుండా డాక్టర్‌కు చెప్పండి.

ఇక ఆముదం వద్దు. ఇంట్లో వాడే ఆముదం గానీ, కొందరు వేసే తల్లిపాలు గానీ సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసినవి కావు. పొడిబారిన కన్నుకు ఇన్ఫెక్షన్ సోకితే నల్లగుడ్డు మీద పుండు పడవచ్చు.

చూపు మసకబారినా, వెలుగు చూడలేకపోయినా, నొప్పి ఎక్కువైనా, పుసి కారినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా చుక్కలు వేసుకుంటూ ఎదురుచూడకుండా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వడ్లగింజ, ఊక, వరి ఆకు కంటికి తగిలితే మరీ జాగ్రత్త. అలాంటి గాయాల్లో బూజు వల్ల వచ్చే ఇన్ఫెక్షన్‌కు స్టెరాయిడ్ చుక్కలు పడితే కన్నే పోవచ్చు. ఇవేవీ లేకపోతే మీకు వీలైన రోజున నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగంలో గానీ, మీకు చుక్కలు రాసిన డాక్టర్ దగ్గర గానీ కన్నీటి పరీక్ష, రెప్పల పరీక్ష చేయించుకోండి. వెళ్లేటప్పుడు రెండు సీసాలనూ, మీరు రోజూ మింగే మాత్రలన్నిటినీ వెంట తీసుకెళ్లండి.