చీర పంపితే పాతగుడ్డ తిరిగొచ్చిందా?

ఆన్‌లైన్‌లో అమ్మిన మంగళగిరి చీర పంపితే, కొన్నవాళ్ల రిటర్న్‌లో చిరిగిన పాత చీర వచ్చిందన్నారు కదండీ, ముందు ఆ కవర్ పారేయకండి. దాని మీదున్న ఏడబ్ల్యూబీ నంబరు (కొరియర్ ట్రాకింగ్ నంబరు), బరువే మీ సాక్ష్యం. పంపినప్పుడు 600 గ్రాములుండి, వచ్చినప్పుడు 350 ఉంటే క్లెయిమ్‌లో ఆ తేడానే మొదట రాయండి. మీరు అమ్మే సైటులోని సెల్లర్ ప్యానెల్‌లో (మీ అమ్మకాల ఖాతా పేజీలో) క్లెయిమ్ గడువు చూసుకుని ఈరోజే పెట్టేయండి, రోజులు దాటితే ఎవరూ వినరు. తిరస్కరించారా, మళ్లీ అప్పీల్ చేయండి. నాకు రెండోసారికి గానీ డబ్బు రాలేదు.

ఇకనుంచి రిటర్న్ విప్పేటప్పుడు వీడియో ఎక్కడా ఆపకుండా తీయండి. ముందు సీలు నాలుగు వైపులా, తర్వాత లేబుల్ అక్షరాలు చదవగలిగేంత దగ్గరగా, ఆ తర్వాతే కత్తెర. నేనైతే కొంగు లోపలి అంచున చిన్న నంబరు ట్యాగ్ కుట్టి, ప్యాకింగ్ వీడియోలో చూపిస్తాను (మా ఆవిడ నవ్వుతుంది, నవ్వనీయండి). డెలివరీ అబ్బాయి ఎంత తొందరపెట్టినా కవర్ తిప్పి చూడకుండా ఓటీపీ చెప్పొద్దు.