టెక్ సందేహాలు: ఫొటోషాప్ నత్తనడక నడుస్తుంటే...

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది. ఫొటోషాప్ మొదట్లో బాగానే పనిచేసేది. ఈమధ్య రెండు మూడు ఫొటోలు ఓపెన్ చేసేసరికి స్తంభించిపోతోంది. మొన్న ‘స్క్రాచ్ డిస్క్స్ ఆర్ ఫుల్’ అని మెసేజ్ వచ్చి, చేసిన పని సేవ్ కూడా కాలేదు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసుకున్నా తేడా లేదు. ర్యామ్ పెంచుకోమని అందరూ అంటున్నారు. పెంచితే సరిపోతుందా?

జవాబు: డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక పని చేయండి. ఫొటోషాప్ మొరాయిస్తున్న సమయంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. సీపీయూ, మెమరీ, డిస్క్‌లలో ఏది 90 శాతం దాటి కిందికి దిగకుండా ఉందో చూడండి. అడ్డం పడుతున్నది అదే. అది తెలియకుండా ర్యామ్ కొనడం, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం చీకట్లో బాణం వేయడమే.

మీకు వచ్చిన మెసేజ్‌ని బట్టి నా అనుమానం ముందు డిస్క్ మీదే. ర్యామ్ చాలనప్పుడు ఫొటోషాప్ హార్డ్ డిస్క్‌లోని ఖాళీ జాగాను వాడుకుంటుంది. టేబుల్ నిండిపోతే మిగతా కాగితాలు నేల మీద పరుచుకున్నట్టన్నమాట. ఆ జాగానే స్క్రాచ్ డిస్క్ అంటారు. మామూలుగా అది విండోస్ ఉన్న సి డ్రైవ్‌లోనే ఉంటుంది. ఆ డ్రైవ్ నిండిపోయిందంటే ఇక కాలు పెట్టే చోటు ఉండదు.

‘ఫొటో ఏడెనిమిది ఎంబీయే కదా, అంత జాగా ఎందుకు?’ అని మీకు అనిపించవచ్చు. అది జేపెగ్‌గా కుదించిన సైజు. ఎడిటింగ్‌కి తెరవగానే ఫొటో పూర్తిగా విప్పుకుంటుంది. 24 మెగాపిక్సెల్ ఫొటోలో అడ్డంగా 6000, నిలువుగా 4000 పిక్సెళ్లు ఉంటాయి. మొత్తం 2.4 కోట్లు. ఒక్కో పిక్సెల్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం చొప్పున 3 బైట్లు వేసుకుంటే దాదాపు 72 ఎంబీ. ఒక్కో రంగుకి 2 బైట్లు వాడే 16 బిట్ మోడ్‌లో ఉంటే 144 ఎంబీ. కంట్రోల్+జె కొట్టి లేయర్‌ని, అంటే ఫొటో మీద పరిచే పొరని, కాపీ చేసిన ప్రతిసారీ ఈ బరువు పెరుగుతుంది. మీరు వెనక్కి వెళ్లడానికి వీలుగా ఫొటోషాప్ 50 హిస్టరీ స్టేట్స్ వరకు గుర్తుపెట్టుకుంటుంది. ఇదంతా కలిస్తే జీబీల్లోకి వెళ్లడానికి ఎంతోసేపు పట్టదు.

మళ్లీ ఆ మెసేజ్ వస్తే కంగారుపడి సాఫ్ట్‌వేర్ మూసేయకండి. అది అలాగే ఉండగా వేరే విండోలో రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, పెద్ద వీడియోలేవైనా ఉంటే ఇంకో డ్రైవ్‌కి మార్చండి. ఎడిట్ మెనూలో పర్జ్, అందులో హిస్టరీస్ నొక్కితే మరికొంత జాగా వస్తుంది. కాకపోతే ఆ తర్వాత అన్‌డూ చేసి వెనక్కి వెళ్లడం కుదరదు. ఇప్పుడు సేవ్ చేసి చూడండి.

తర్వాత తీరిగ్గా చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎడిట్, ప్రిఫరెన్సెస్, స్క్రాచ్ డిస్క్స్‌లోకి వెళ్లి, ఎక్కువ ఖాళీ ఉన్న డ్రైవ్‌ని ఎంచుకోండి. అది హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ అయితే మంచిది. పెన్‌డ్రైవ్‌ని మాత్రం ఈ పనికి పెట్టకండి. ఫొటోషాప్ అసలు తెరుచుకోవడమే లేదంటే, ఐకాన్ క్లిక్ చేసిన వెంటనే కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కి ఉంచండి. ఈ సెట్టింగ్ ముందే వస్తుంది. సాఫ్ట్‌వేర్ మధ్యలో క్రాష్ అయినప్పుడు ‘ఫొటోషాప్ టెంప్’ అనే పేరుతో పెద్ద పెద్ద ఫైళ్లు డిస్క్‌లోనే మిగిలిపోతుంటాయి. ఫొటోషాప్ మూసేశాక ఆ పేరుతో వెతికి తీసేయండి. సాఫ్ట్‌వేర్ తీసేసి వేసుకున్నా ఫలితం లేకపోవడానికి ఇలాంటివి కూడా కారణం కావచ్చు.

ప్రిఫరెన్సెస్‌లోనే పర్ఫార్మెన్స్ అనే పేజీ ఉంది. అక్కడ హిస్టరీ స్టేట్స్ 20కి తగ్గిస్తే చాలామందికి సరిపోతుంది. మెమరీ వాడకం 70 శాతం దగ్గర ఉంటుంది. దాన్ని 100కి జరపమని కొందరు సలహా ఇస్తుంటారు. వినకండి. విండోస్‌కి ఊపిరాడక మొత్తం ల్యాప్‌టాపే స్లో అవుతుంది.

ఇక ర్యామ్ సంగతి. ఫొటోషాప్‌కి కనీసం 8 జీబీ, సౌకర్యంగా ఉండాలంటే 16 జీబీ ఉండాలని అడోబీయే చెబుతోంది. ఫొటోషాప్ విండో అడుగున స్టేటస్ బార్‌లో చిన్న బాణం గుర్తు నొక్కి ‘ఎఫిషియెన్సీ’ పెట్టుకోండి. పని చేస్తున్నంతసేపూ అది 100 శాతం ఉంటే మీ ర్యామ్ చాలినట్టే. బ్రౌజర్, మిగతా యాప్‌లు మూసేశాక కూడా తరచూ పడిపోతుంటే అప్పుడు ర్యామ్ పెంచండి. టాస్క్ మేనేజర్‌లోని మెమరీ పేజీలో ‘స్లాట్స్ యూజ్డ్’ అని ఎన్ని స్లాట్లు నిండాయో కనిపిస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచడం కుదరదు. మీది పాతకాలం హార్డ్ డిస్క్ అయితే, నన్నడిగితే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించుకోమంటాను. ‘ఒక్క క్లిక్‌తో స్పీడు పెంచుతాం’ అనే క్లీనర్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి.

ప్రశ్న: బ్రష్ తీసుకుంటే గుండ్రటి గుర్తు బదులు చిన్న ప్లస్ గుర్తు కనిపిస్తోంది. ఒక్కోసారి ఎంత గీసినా రంగే పడట్లేదు. సాఫ్ట్‌వేర్ పాడైందా?

జవాబు: టెన్షన్ పడకండి, ఏమీ పాడవలేదు. కీబోర్డులో క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది ఆన్‌లో ఉంటే ఫొటోషాప్ బ్రష్ గుర్తుని ప్లస్‌గా మార్చేస్తుంది. లేయర్‌కి పేరు పెట్టేటప్పుడు నొక్కి మర్చిపోతుంటాం.

రంగు పడకపోవడం వేరే కథ. ఫొటోలో ఎక్కడో ఓ మూల, కంటికి ఆనని చిన్న సెలెక్షన్ మిగిలిపోయి ఉంటుంది. దాని బయట ఎంత గీసినా ఏమీ పడదు. ఆ సెలెక్షన్ పోవడానికి కంట్రోల్+డి కొట్టండి. అప్పటికీ పడకపోతే లేయర్స్ ప్యానెల్‌లో తాళం గుర్తు ఉందేమో, లేయర్ బదులు దాని మాస్క్ (లేయర్‌లో కొంత భాగాన్ని కనిపించకుండా దాచేది) ఎంపికై ఉందేమో చూడండి. ఇవేవీ కాకపోతే పైన ఆప్షన్స్ బార్‌లో బ్రష్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ‘రీసెట్ టూల్’ ఎంచుకోండి.

అన్ని టూల్స్‌తోనూ ఇలాంటి తలనొప్పే ఉంటే ప్రిఫరెన్సెస్ మొత్తం రీసెట్ చేయొచ్చు. ఫొటోషాప్ తెరుస్తూనే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ పట్టుకుంటే సెట్టింగ్స్ తీసేయమంటారా అని అడుగుతుంది. మీరు తయారుచేసుకున్న షార్ట్‌కట్‌లు, వర్క్‌స్పేస్‌లు పోతాయి కాబట్టి దీన్ని ఆఖరి అస్త్రంగా ఉంచుకోండి.

ప్రశ్న: విండోస్ అప్‌డేట్ అయినప్పటి నుంచి జూమ్ చేస్తే ఫొటోలో నల్లటి గళ్లు వస్తున్నాయి. స్క్రీన్ మినుకుమినుకుమంటోంది.

జవాబు: ఇది గ్రాఫిక్స్ చిప్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే గ్రాఫిక్స్ డ్రైవర్ పేచీలా ఉంది. ప్రిఫరెన్సెస్‌లో పర్ఫార్మెన్స్‌కి వెళ్లి ‘యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్’ దగ్గర టిక్ తీసేసి, ఫొటోషాప్ మూసి మళ్లీ తెరవండి. గళ్లు పోతే దొంగ దొరికినట్టే. అలాగని దాన్ని శాశ్వతంగా ఆపేయకండి, కొన్ని ఫీచర్లు అది లేనిదే పనిచేయవు. ల్యాప్‌టాప్ కంపెనీ లేదా గ్రాఫిక్స్ కంపెనీ సైట్ నుంచి కొత్త డ్రైవర్ వేసుకుని మళ్లీ టిక్ పెట్టండి. ఎన్‌విడియా కార్డు అయితే గేమ్స్ కోసం ఇచ్చే డ్రైవర్ కాకుండా ‘స్టూడియో డ్రైవర్’ తీసుకోండి.

ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటే విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌కి వెళ్లి ఫొటోషాప్‌కి ‘హై పర్ఫార్మెన్స్’ ఇవ్వండి. ఎడిటింగ్ చేసేటప్పుడు చార్జర్ పెట్టుకోండి. బ్యాటరీ మీద చాలా ల్యాప్‌టాప్‌లు వేగం తగ్గించుకుంటాయి.

ప్రశ్న: ఫ్రెండ్ ఇచ్చిన క్రాక్ వెర్షన్ వాడుతున్నాను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆపేయమంది. అప్పటి నుంచి ఏమీ తెరవకపోయినా ఫ్యాన్ హోరుమంటోంది.

జవాబు: దాన్ని వెంటనే తీసేసి, యాంటీవైరస్ ఆన్ చేసి ఫుల్ స్కాన్ పెట్టండి. మీకు తెలియకుండా వెనకాల ఏదో నడుస్తున్నట్టే లెక్క. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే పరికరం నుంచి మార్చుకోండి. ఉచితంగా కావాలంటే జింప్ ఉంది. 2025 మార్చిలో వచ్చిన దాని 3.0 వెర్షన్‌లో ఫిల్టర్ వేసిన తర్వాత కూడా దాని సెట్టింగ్స్ మార్చుకోవచ్చు. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే పీఎస్‌డీ (ఫొటోషాప్ సొంత ఫార్మాట్) ఫైళ్లు తెరవాలంటే ఫొటోపీ వాడండి. కెమెరా ప్రాసెస్ చేయకుండా నేరుగా ఇచ్చే రా ఫైళ్ల కోసమైతే డార్క్‌టేబుల్ బాగుంటుంది, అలవాటు కావడానికి కాస్త ఓపిక కావాలి.