అప్పు చేసి ‘ఎర్రర్’ నాణేలు కొనొచ్చా?

ప్రశ్న: నా వయసు 41. చెన్నై పెరంబూర్‌లో ఉంటాం. అంబత్తూరులో ఒక ప్రైవేటు కంపెనీలో పని. చేతికి 58 వేలు వస్తాయి, ఇంటి ఖర్చులు 45 వేలు. నాన్నగారు పోయాక ఆయన డబ్బాలో పాత నాణేలు దొరికాయి, వాటిలో 1911 నాటి వెండి రూపాయి కూడా ఉంది. అప్పటి నుంచి ముద్రణలో తప్పు పడిన నాణేలు సేకరిస్తున్నాను. నా భార్య గాజులు తాకట్టు పెట్టి లక్షన్నరకు కొన్ని కొన్నాను. ఇప్పుడు ఒక వాట్సాప్ గ్రూపులో 30 నాణేలు కలిపి 4 లక్షలకు ఇస్తామంటున్నారు. అందులో ఒక ‘లఖీ’ ఐదు రూపాయల బిళ్లకే 8 లక్షలు వస్తుందట. 16 శాతం వడ్డీకి పర్సనల్ లోన్ సిద్ధంగా ఉంది. తీసుకోమంటారా? బ్యాంకులో 22 వేలు ఉన్నాయి.

జవాబు: వద్దు. ఆ లోన్ జోలికి వెళ్లకండి.

లెక్క మీ ఉత్తరంలోనే ఉంది. ఖర్చులు పోను మీకు నెలకు మిగిలేది 13 వేలు. 4 లక్షలకు 16 శాతం వడ్డీతో మూడేళ్ల ఈఎంఐ 14 వేలు దాటుతుంది. అంటే మొదటి నెల నుంచే లోటు. గాజుల మీద వడ్డీ దానికి అదనం. మూడేళ్లలో లక్షకు పైగా వడ్డీ కట్టి తెచ్చుకునేది ఎవరు కొంటారో, ఎంతకు కొంటారో తెలియని వస్తువు. సేకరణ మంచి అలవాటే. దాన్ని అప్పుతో నడిపే వ్యాపారంగా మార్చుకున్న ఉత్తరాలు నాకు తరచూ వస్తున్నాయి, అందుకే దీనికి ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ లఖీ సంగతి. ముద్ర పడిన నాణెం ఒక్కోసారి బయటికి రాకుండా అచ్చుకే అతుక్కుంటుంది. తర్వాత వచ్చే ఖాళీ బిళ్ల మీద, ఒకవైపు అచ్చు మామూలుగా పడితే, రెండోవైపు అతుక్కున్న నాణెం బొమ్మ అద్దంలోలా తిరగబడి లోపలికి దిగుతుంది. అంటే నిజమైన లఖీలో రెండువైపులా ఒకే బొమ్మ ఉంటుంది. ఒకవైపు సింహాలు ఉబ్బెత్తుగా, రెండోవైపు అవే సింహాలు గుంటగా. రెండు మామూలు నాణేలను వైస్‌లో (వర్క్‌షాపుల్లో వాడే బిగింపు పరికరం) బిగించి నొక్కినా గుంట పడుతుంది కానీ, దాని కింద అసలు ‘5’ అంకె చదునై ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. రెండోవైపు బొమ్మ కూడా నలిగిపోతుంది. భూతద్దంలో చూస్తే దొరికిపోతుంది.

అంచు కత్తిరించినట్టున్న నాణెమైతే, కత్తిరింపుకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు చూడండి. టంకశాలలోనే కత్తిరింపు పడితే చాలాసార్లు అక్కడ అంచు పలచగా, అరిగినట్టు ఉంటుంది. ఆకురాయితో కోసినదానికి అలా ఉండదు. బొమ్మ పక్కకు జరిగిన నాణేల్లో సంవత్సరం, టంకశాల గుర్తు కనిపిస్తేనే మంచి ధర. నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ అయితే ముంబయి, చుక్క అయితే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. బరువూ చూడాలి. పాత కుప్రో నికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం) ఐదు రూపాయల బిళ్ల 9 గ్రాములు ఉండాలి, అయస్కాంతానికి అతుక్కోకూడదు.

మీ 1911 రూపాయి మీద ఏనుగు బొమ్మ పందిలా ఉందని అప్పట్లో గొడవ జరిగి, 1912లో బొమ్మ మార్చారు. అది డిజైన్ వివాదమే తప్ప ముద్రణలో తప్పు కాదు. అయినా ఆ రకానికి కొనేవాళ్లు ఉన్నారు. 11.66 గ్రాముల బరువులో సుమారు 92 శాతం వెండి కాబట్టి కనీసం వెండి ధరైనా వస్తుంది. చింతపండు పెట్టి మాత్రం తోమకండి, తోమిన నాణెం ధర పడిపోతుంది.

ధర విషయానికి వస్తే, నెట్‌లో కనిపించేవి అమ్మేవాడు అడిగే ధరలు. మీకు కావాల్సింది వేలంలో నిజంగా పలికిన ధర, అందులోంచి కమీషన్ తీసేసి. నాణేల సేకర్తల సంఘమైన మద్రాస్ కాయిన్ సొసైటీలో పాత సభ్యులకు ఒకసారి చూపించండి. ఒక్క బిళ్లకే 8 లక్షలు వచ్చేటట్టయితే ఆ వాట్సాప్ గ్రూపువాళ్లు మీకు 30 కలిపి 4 లక్షలకు ఎందుకు ఇస్తారు? వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేనికి లక్షలు వస్తాయని నమ్మించింది కూడా ఇలాంటివాళ్లే. పాత నాణేల పేరుతో తన పేరు వాడి కమీషన్లు, పన్నులు అడిగితే కట్టొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఇప్పటికే ఏదైనా ‘ఫీజు’ పంపి ఉంటే ఈ రోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నాకు అసలు టెన్షన్ మీ 22 వేల గురించి. అది మీ ఇంటికి పక్షం రోజుల ఖర్చు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు అంబత్తూరు ఎస్టేట్‌లో నీళ్లు చేరి యూనిట్లు మూతపడిన సంగతి మీకు తెలుసు. అలాంటప్పుడు జీతం ఆగితే ఏం చేస్తారు? అర్ధరాత్రి ఆస్పత్రిలో అడ్వాన్సు కట్టమంటే నాణేనికి కొనేవాణ్ని ఎక్కడ వెతుకుతారు? మీకు కావాల్సిన అత్యవసర నిధి ఆరు నెలల ఖర్చు, 2 లక్షల 70 వేలు. ఈ రెండు నెలలు మిగిలే డబ్బంతా బ్యాంకులోనే ఉంచి నిల్వను కనీసం 45 వేలు దాటించండి. ఆ తర్వాత గాజుల అప్పు తీర్చండి. కొన్న నాణేల్లో నిజమైనవి తేలితే, కొన్ని నష్టానికైనా అమ్మి ఆ అప్పుకే కట్టండి. అది తీరాక నెలనెలా 13 వేలూ నిధికే వెళ్లాలి, 2 లక్షల 70 వేలు చేరేదాకా. అప్పటివరకు కొత్త నాణెం ఒక్కటి కూడా కొనొద్దు. ఇందులో నేను రాజీపడను.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది, ఇంటిల్లిపాదికీ విడిగా ఒకటి తీసుకోండి. టర్మ్ పాలసీ లేకపోతే అదీ ఈ ఏడాదిలోనే. మ్యూచువల్ ఫండ్ల సంగతి నిధి నిండాక చూద్దాం.

తాకట్టు రసీదు తీసి గడువు తేదీ చూడండి. చాలా గోల్డ్ లోన్లకు గడువు ఏడాదే. అది దాటితే వేలం నోటీసు వస్తుంది. అసలు కట్టలేకపోయినా, గడువుకు ముందే వడ్డీ కట్టి రెన్యువల్ చేయించుకోండి.